తెలియని ఆటల విభాగాలకు మోడరేటర్ అయితే ఏ పోస్టు దాచాలి, ఏది వదలాలి?

#1 తాడు_మూట (కొత్త మోడరేటర్)

అందరికీ నమస్కారం. స్కైడైవింగ్, పారాగ్లైడింగ్, ఫ్రీడైవింగ్ విభాగాల మోడరేషన్ నాకు అప్పగించారు. నాకు బాగా తెలిసింది క్లైంబింగ్ ఒక్కటే. తిట్లు, స్పామ్ ఏ ఆటలోనైనా ఒకటే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. చిక్కంతా సలహాల దగ్గరే. "నీ బరువుకి 150 కెనోపీ హాయిగా సరిపోతుంది బ్రో" అని ఒకరు రాస్తారు (150 చదరపు అడుగుల పారాచూట్ గుడ్డ అన్నమాట), కింద వరసగా లైకులు పడతాయి. అది సరైన మాటో, ఎవరి కాళ్లో విరగ్గొట్టే మాటో నాకు తెలియదు. తీసేస్తే "నీకేం తెలుసని తీశావ్" అంటారు. వదిలేస్తే కొత్తవాళ్లు నమ్ముతారు.

ఆట తెలియని మోడరేటర్ ఏం చూసి నిర్ణయించాలి? ప్రమాదాల వార్తలు, వీడియోలు వచ్చినప్పుడు వరస ఏమిటి? ఒక్కో ఆటకి విడిగా చెప్పినా సరే.

#2 రిగ్గర్_మావయ్య

సలహా తప్పా ఒప్పా తేల్చే పని మీది కాదండి, అది ముందే వదిలేయండి. ఆ సలహా ఇవ్వడానికి కావలసిన సమాచారం దారంలో (థ్రెడ్‌లో) ఉందా లేదా అని చూడండి. దానికి ఆట తెలియక్కర్లేదు, ఏం అడగాలో తెలిస్తే చాలు.

మీ ఉదాహరణే తీసుకుందాం. కెనోపీ సైజు లెక్కంతా వింగ్ లోడింగ్ మీద నడుస్తుంది. ఎగ్జిట్ వెయిట్‌ని పౌండ్లలో తీసుకుని, కెనోపీ వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని భాగిస్తారు. ఎగ్జిట్ వెయిట్ అంటే ఒంటి బరువు ఒక్కటే కాదు. రిగ్ (పారాచూట్లు, వాటి సంచి), సూటు, హెల్మెట్, బూట్లు అన్నీ కలిపి విమానం గుమ్మం దగ్గర ఉండే బరువు. సగం మంది ఒంటి బరువే రాస్తారు, తేడా అక్కడే మొదలవుతుంది. 75 కిలోల మనిషి అన్నీ తగిలించుకుంటే సుమారు 90 కిలోలు, అంటే 198 పౌండ్లు. 190 కెనోపీ కింద అది 1.04. 150 కింద 1.32. 135 కింద 1.47. మొదటి అంకె కొత్తవాడి చేతిలో పెట్టొచ్చు, మూడోది పెట్టకూడదు.

ఇంకో మెలిక ఉంది. ఒకే లోడింగ్ ఉన్నా చిన్న కెనోపీ పెద్దదానికన్నా చురుగ్గా తిరుగుతుంది, దాని తాళ్లు పొట్టిగా ఉంటాయి కాబట్టి. అందుకే 100 కిలోల మనిషి "నేను 1.3తో సుఖంగా ఉన్నా" అంటే, 55 కిలోల అమ్మాయికి అదే 1.3 సరిపోతుందని అర్థం కాదు. దిగే మైదానం ఎత్తు కూడా లెక్కే. సముద్ర మట్టానికి 1500 మీటర్ల పైన గాలి పలచబడి, అదే కెనోపీ నేల దగ్గర సుమారు 7-8 శాతం ఎక్కువ వేగంతో వస్తుంది.

కాబట్టి కెనోపీ సైజు గురించి ప్రశ్న వస్తే దారంలో ఇవి ఉన్నాయా చూడండి: ఎగ్జిట్ వెయిట్, మొత్తం జంపులు, ఇప్పుడు వాడుతున్న కెనోపీ పేరు, సైజు, దాని మీద ఎన్ని జంపులు, చివరి జంప్ ఎప్పుడు, దిగే చోటు ఎత్తు. ఇవేవీ అడక్కుండా "సరిపోతుంది" అన్న జవాబు ఎంత సీనియర్ రాసినా అసంపూర్ణమే. దాచక్కర్లేదు. "వివరాలు వచ్చేదాకా జవాబులు ఆపండి" అని నోటీసు పెట్టి, దారాన్ని కాసేపు మూసేయండి.

#3 తాడు_మూట (కొత్త మోడరేటర్)

ఇది నాకు పనికొస్తుంది మావయ్యగారూ. జంపుల సంఖ్య చూసి ఇది తొందర అని పసిగట్టే గీతలేమైనా ఉన్నాయా?

#4 రిగ్గర్_మావయ్య

అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ లెక్క చాలా చోట్ల కొలబద్దలా వాడతారు. 'ఏ' (A) లైసెన్సుకి 25 జంపులు, బీకి 50, సీకి 200, డీకి 500. వింగ్‌సూట్‌కి (చేతులకీ కాళ్లకీ మధ్య రెక్కలున్న సూటు) కనీసం 200 ఉండాలి. హెల్మెట్ మీద కెమెరాకి కూడా 200 అని సిఫారసు. ఎవరైనా 60 జంపులతో వింగ్‌సూట్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే మీరు వాదించక్కర్లేదు, ఆ అంకె చూపించి వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి పంపండి. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి, ఏ దేశంలో దూకుతున్నారో కూడా అడగాలి.

"నేను చాలా జాగ్రత్తగా ఎగురుతాను, అందుకే చిన్న కెనోపీ పర్వాలేదు" అన్న వాక్యం కనిపిస్తే మాత్రం చెవులు నిక్కబొడుచుకోండి. మామూలు రోజున అందరూ జాగ్రత్తగానే ఎగురుతారు. నేల దగ్గర అడ్డంగా ఇంకొకడు వచ్చినప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే టాగిల్ (కెనోపీని తిప్పే పిడి) కిందికి లాగుతుంది. చిన్న కెనోపీ అప్పుడు క్షమించదు.

#5 గాలివాలు

పారాగ్లైడింగ్‌లో మొదటి జబ్బు యూనిట్లు. "రేపు గాలి 15, ఎగరొచ్చా?" అని అడుగుతారు. 15 ఏమిటి? గంటకు 15 కిలోమీటర్లయితే చాలామందికి హాయైన గాలి. 15 మైళ్లయితే 24 కి.మీ. 15 నాట్లయితే 28 కి.మీ., కొత్తవాడు రెక్కని సంచిలోంచి తియ్యకూడదు. సెకనుకి 15 మీటర్లయితే 54 కి.మీ., ఎవరూ తియ్యకూడదు. వాతావరణ యాప్‌లు ఒక్కోటి ఒక్కో యూనిట్‌లో చూపిస్తాయి, జనం స్క్రీన్ మీది అంకె ఒక్కటే తెచ్చి పడేస్తారు. ఒక్క అంకెకి నాలుగు జవాబులు వస్తాయి, నాలుగూ వాళ్ల వాళ్ల యూనిట్‌లో కరెక్టే! యూనిట్ లేని గాలి పోస్టు కింద జవాబులు పడకముందే అడగండి. గాలి సగటు ఎంత, గస్ట్ (ఉన్నట్టుండి వచ్చే గాలి విసురు) ఎంత, ఏ ఎత్తులో ఎంత, దిక్కేమిటి కూడా కావాలి. సగటు 14 ఉండి గస్ట్ 30 ఉన్న రోజు, స్థిరంగా 22 ఉన్న రోజుకన్నా చెడ్డది.

రెక్క తరగతి గురించి: ఈఎన్ 926-2 అనే యూరప్ ప్రమాణం పరీక్ష ప్రకారం ఏ, బీ, సీ, డీ తరగతులు. ఏ నుంచి డీ వైపు వెళ్లే కొద్దీ రెక్క మూసుకుపోయినప్పుడు పైలట్ చేతి పని పెరుగుతుంది. బీలోనే తేలికైన రెక్కకీ కష్టమైన రెక్కకీ చాలా దూరం. "బీ అంటే సేఫ్" అని ఎవరైనా రాస్తే మోడల్ అడగండి. బరువు పరిధి కూడా అడగండి, ఎందుకంటే ఆ పరీక్ష ఆ పరిధిలోనే చెల్లుతుంది.

వెంటనే దాచాల్సింది ఒకటుంది. ఉరుము మేఘం దగ్గర్లో ఉన్నా "లిఫ్ట్ బాగుంటుంది, అంచున ఎగరొచ్చు" అనే సలహా. 2007లో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర ఎవా విస్నియెర్‌స్కా అనే జర్మన్ పోటీ పైలట్‌ని క్యుములోనింబస్ (ఉరుము మేఘం) 9,946 మీటర్లకు లాక్కెళ్లింది. స్పృహ తప్పి, మంచు కట్టి, ఎలాగో బతికి దిగింది. అదే రోజు అదే తుఫానులో చిక్కిన మరో పైలట్ చనిపోయాడు. ఆమె బతికిందని చూపించి ధైర్యం చెప్పేవాళ్లు ప్రతి సీజన్‌లో ఒకరు తయారవుతారు. మేఘం నెత్తిన లేకపోయినా దాని గస్ట్ ఫ్రంట్ (మేఘం ముందు తోసుకొచ్చే గాలి విసురు) చాలా కిలోమీటర్ల దూరంలో నేలని ఊడ్చుకుంటూ వస్తుంది.

#6 ఒక్క_ఊపిరి

నా విభాగంలో అడిగి ఆగే వ్యవధి ఉండదండి. ఫ్రీడైవింగ్‌లో కొన్ని మాటలు కనిపించిన క్షణమే దాచాలి, తర్వాతే చర్చ. ఒంటరిగా నీటిలో ఊపిరి బిగబట్టే సాధన. దూకే ముందు గబగబా గట్టిగా 20-30 సార్లు ఊపిరి పీల్చి వదలడం. "పూల్ మూడడుగులే కదా, ఏమవుతుంది" అనే ధోరణి. స్నానపు తొట్టిలో టైమర్ పెట్టుకోవడం. ఈ నాలుగూ.

ఎందుకో తెలిస్తే మీరు ధైర్యంగా దాచగలరు. ఊపిరి తీసుకోవాలన్న తహతహ ఆక్సిజన్ తగ్గినందుకు రాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు వస్తుంది. గబగబా పీలిస్తే రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది ముందే 97-98 శాతం నిండి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం కొట్టుకుపోతుంది. అలారం తీగ కోసేసి లోపలికి వెళ్లినట్టు. మూడడుగుల పూల్‌లో కూడా మనిషి హాయిగా ఉందనుకుంటూనే స్పృహ తప్పుతాడు.

లోతులో ఇంకో లెక్క కలుస్తుంది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ 8 శాతానికి పడిపోయినా అక్కడ దాని పాక్షిక ఒత్తిడి 0.32, అంటే ఒడ్డున మామూలు గాలిలో ఉండే 0.21 కన్నా ఎక్కువే. మనిషికి ఏ ఇబ్బందీ తెలియదు. అదే గాలితో 10 మీటర్లకు వస్తే 0.16. పైకి తేలేసరికి 0.08, స్పృహ నిలవదు. దారిలో వాడుకునే ఆక్సిజన్ దీనికి అదనం. అందుకే ఎక్కువ బ్లాకౌట్లు ఆఖరి 10 మీటర్లలో, లేదా తల బయటికి వచ్చిన కొన్ని సెకన్లకి జరుగుతాయి. బడ్డీ (కాపలా ఉండే తోటి డైవర్) 30 సెకన్ల పాటు కళ్లు తిప్పకుండా చూడాలన్న నియమం అక్కడి నుంచే వచ్చింది. తేలాక రెండో మునక ముందు కనీసం మునిగిన సమయానికి రెట్టింపు విశ్రాంతి.

వదలాల్సినవీ చెప్తాను, లేకపోతే అన్నీ దాచేస్తారు. నేల మీద, మంచం మీద పడుకుని చేసే కార్బన్ డయాక్సైడ్ టేబుళ్లు (ఊపిరి బిగబట్టడం, విశ్రాంతి వరసగా రాసుకున్న పట్టికలు) సాధారణ సాధన, ఉండనివ్వండి. కారు నడుపుతూ చెయ్యమంటే మాత్రం తీసేయండి. నవ్వకండి, రాసేవాళ్లున్నారు.

#7 పాత_బోల్టు

ఇక్కడ నేను ఒప్పుకోను. దాచడం మొదలుపెడితే అంతుండదు. తప్పు సలహా, దాని కింద నలుగురు చెప్పిన కారణం, రెండూ కనపడితేనే చదివేవాడికి బుర్రకెక్కుతుంది. పైగా సగం తెలిసిన మోడరేటర్ సరైనదాన్ని తీసేసి, తప్పుదాన్ని వదిలేసే ప్రమాదం ఉంది.

తాడు_మూట గారికి తెలిసిన ఉదాహరణే చెప్తా. రెండు తాళ్లు కలిపి ర్యాపెల్ (తాడు మీద కొండ దిగడం) దిగేటప్పుడు వేసే ఫ్లాట్ ఓవర్‌హ్యాండ్ ముడి. దానికి యూరోపియన్ డెత్ నాట్ అని ముద్దుపేరు. ఆ పేరు చూసి బెదిరి "మామూలు ఓవర్‌హ్యాండ్ ప్రమాదం, ఫ్లాట్ ఫిగర్ ఎయిట్ వెయ్యండి, అది ఇంకా గట్టిది" అని ఎవరో ఒకరు రాస్తారు. వినడానికి సమంజసంగా ఉంటుంది. నిజం తిరగబడి ఉంది. తోకలు కనీసం 30 సెంటీమీటర్లు వదిలి, నాలుగు పోగుల్నీ విడివిడిగా బిగిస్తే ఓవర్‌హ్యాండ్ నమ్మదగిన ముడి. ఒక పక్కనే ఉబ్బుతుంది కాబట్టి రాతి అంచు దగ్గర తక్కువ తట్టుకుంటుంది. ఫ్లాట్ ఫిగర్ ఎయిట్ తక్కువ బరువుకే దొర్లుతుంది, ఒక్కో దొర్లుకీ తోక ఎక్కువ మింగుతుంది. తోక అయిపోతే ముడి ఊడుతుంది. దాని వల్ల మనుషులు పోయారు.

పేరులో డెత్ ఉందని మొదటిదాన్ని దాచి, గట్టిదన్న మాట విని రెండోదాన్ని ఉంచే మోడరేటర్‌ని ఊహించుకోండి.

#8 ఒక్క_ఊపిరి

పాత_బోల్టు గారూ, మీ ముడి ఉదాహరణ నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. కానీ మీరనుకుంటున్నట్టు దారం మొత్తం చదివేవాళ్లు తక్కువ. సెర్చ్‌లో వచ్చి ఆ ఒక్క పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకుని వాట్సాప్‌లో పంపుతారు. కింద మీరు రాసిన కారణం దానితో ప్రయాణం చెయ్యదు.

#9 పాత_బోల్టు

సరే, అయితే మధ్యే మార్గం. సవరణ దారం అడుగున కాకుండా ఆ పోస్టు నెత్తి మీదే ఉండాలి. డిస్కోర్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పోస్టు పైన స్టాఫ్ నోటీస్ పెట్టొచ్చు, స్క్రీన్‌షాట్‌లో అదీ వస్తుంది. నోటీసులో "ఇది తప్పు" అని మాత్రమే రాస్తే చాలదు. ఏది తప్పు, ఏమవుతుంది, బదులు ఏం చెయ్యాలి, మూడు ముక్కలూ ఉండాలి. రాసే ముందు ఆ ఆట తెలిసిన ఇద్దరిచేత చూపించండి. మీ ఒంటరి బడ్డీలేని మునకల్ని దాచడానికి నాకు అభ్యంతరం లేదు, వాటిలో రెండో పక్షం అంటూ లేదు కదా.

ఇంకోటి, తాడు_మూట గారూ. మోడరేటర్ బ్యాడ్జీతో సాంకేతిక అభిప్రాయం చెప్పొద్దు, క్లైంబింగ్‌లో కూడా. మీ మాట వాదనలో ఒక మాటగా ఉండదు, తీర్పైపోతుంది. మామూలు సభ్యుడిగా రాయదలిస్తే ఆ దారం మోడరేషన్ ఇంకొకరికి ఇచ్చి రాయండి.

#10 తాడు_మూట (కొత్త మోడరేటర్)

స్పష్టంగా ఉంది. మరి ప్రమాదాలు? వార్త రాగానే పేరు, వీడియో, "రిజర్వ్ (అత్యవసర పారాచూట్) ఎందుకు తెరవలేదు" అన్న వాదన, అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి.

#11 రిగ్గర్_మావయ్య

పేరు ముందు. కుటుంబానికి తెలిసిందని పోలీసులో, క్లబ్బో, కుటుంబమో బయటికి చెప్పేదాకా పేరు, ముఖం, రిగ్ రంగులు, హెల్మెట్ స్టిక్కర్లు ఏవీ ఉండకూడదు. రంగులు ఎందుకంటే, చిన్న సమాజంలో ఎరుపు పసుపు కెనోపీ అంటే ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. "ఫలానా క్లబ్‌లో పొడుగ్గా ఉండే ఇన్‌స్ట్రక్టర్" అన్నా పేరు చెప్పినట్టే.

తర్వాత ఒక్కటే దారం ఉంచండి, మిగతావి అందులో కలపండి. స్లో మోడ్ (ఒకరి రెండు పోస్టుల మధ్య తప్పనిసరి విరామం) పెట్టండి. ఉంచదగినవి: తేదీ, ఏ ఆట, వాతావరణం, ఏ దశలో జరిగింది, ఎక్విప్‌మెంట్ రకం. కారణం ఇంకా ఎవరికీ తెలియదు. రిజర్వ్ తెరుచుకోలేదనే మాట నేల మీద కనిపించిన దృశ్యం నుంచి పుడుతుంది. తక్కువ ఎత్తులో మెయిన్ (ప్రధాన పారాచూట్) కట్ చేశాడా, అసలు లాగాడా, ఏఏడీ (తనంతట తానే రిజర్వ్‌ని తెరిచే పరికరం) పేలే వేగమే రాలేదా, కింద నుంచి చూసినవాడికి తెలియదు. ఉదాహరణకి సైప్రెస్ అనే ఏఏడీ ఎక్స్‌పర్ట్ మోడ్‌లో సుమారు 225 మీటర్ల ఎత్తులో, సెకనుకి 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటేనే పని చేస్తుంది. తెరుచుకున్న కెనోపీ కింద గిరగిరా తిరుగుతూ పడేవాడికి ఆ వేగం రాకపోవచ్చు. ఏఏడీ చెడిపోయిందని మొదటి గంటలో తేల్చేసినవాళ్లు, విచారణ నివేదిక వచ్చాక కనపడరు.

అక్కడ ఉన్నవాళ్లు దారంలోకి వస్తే జనం ప్రశ్నలతో మీద పడతారు. ఆపండి. వాళ్లకి విడిగా ఇలా రాయండి: "మీరు చూసింది ముందు విచారణ చేసేవాళ్లకి చెప్పండి. ఇక్కడ ఇప్పుడు రాయక్కర్లేదు. మీ పోస్టు భద్రంగా దాచాం, అడిగితే తిరిగి ఇస్తాం."

అన్నిటికన్నా ముఖ్యం: ఏదీ పూర్తిగా చెరపకండి. ఆ ఫుటేజ్ విచారణకి కావాల్సి రావచ్చు. స్టాఫ్‌కి మాత్రమే కనపడేలా దాచండి.

#12 బటన్ల_బాబు

"దాచండి" అన్న మాట మీద చిన్న సాంకేతిక వివరం. డిస్కోర్స్‌లో తీసేసిన పోస్టు స్టాఫ్‌కి కనపడుతూనే ఉంటుంది. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో డిలీట్ కొడితే సందేశం పోయినట్టే. ఆడిట్ లాగ్‌లో ఎవరు తీశారో ఉంటుంది కానీ అందులో ఏముందో ఉండదు, ఆ లాగ్ కూడా 45 రోజులే. కాబట్టి డిస్కార్డ్‌లో ముందు స్క్రీన్‌షాట్, ఫైల్ డౌన్‌లోడ్, సందేశం లింకు, అప్పుడు డిలీట్. స్లో మోడ్ అక్కడ 5 సెకన్ల నుంచి 6 గంటల దాకా పెట్టొచ్చు. ప్రమాదం దారానికి 15 నిమిషాలు మంచి మొదలు. 6 గంటలు పెడితే జనం పక్క చానెల్‌లో దుకాణం తెరుస్తారు. టైమౌట్ (సభ్యుణ్ని కొంతసేపు రాయనివ్వకపోవడం) మెనూలో 60 సెకన్ల నుంచి వారం దాకా ఉంటుంది. కోపంలో రాసినవాడికి ఒక రోజు చాలు. బ్యాన్ ఒక్కరే నిర్ణయించకండి.

వీడియో చూడక తప్పనప్పుడు: ఆటోప్లే ఆపేసి, శబ్దం తీసేసి, చిన్న కిటికీలో, స్క్రీన్‌ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. మనసుని ఎక్కువ పట్టుకునేది శబ్దమే. తీసేయాలో వద్దో తేలిన క్షణం ఆపేయండి, చివరిదాకా చూడాలన్న నియమం లేదు. ఒకరు చూసి లాగ్‌లో రాస్తే రెండోవాళ్లు మళ్లీ చూడక్కర్లేదు.

#13 గాలివాలు

అమ్మకాల విభాగం గురించి మీరు అడగలేదు, అదీ తేలిక కాదు. మా దగ్గర మోసం కన్నా అజ్ఞానం ఎక్కువ. "హెల్మెట్, కొత్తది, పారాగ్లైడింగ్‌కి" అని పెడతారు, లోపల లేబుల్ మీద ఈఎన్ 1078 ఉంటుంది. అది సైకిల్, స్కేట్‌బోర్డులకి. గాలి ఆటలది ఈఎన్ 966, పర్వతారోహణది ఈఎన్ 12492. లేబుల్ ఫోటో లేని హెల్మెట్ ప్రకటన ఆమోదించకండి.

#14 పాత_బోల్టు

క్లైంబింగ్ సామాన్ల మీద సీఈ (యూరప్ ప్రమాణాల ముద్ర) పక్కన నాలుగంకెల సంఖ్య ఉండాలి, 0082 లాగా. పడిపోకుండా ఆపే సామాన్లకి అది తప్పనిసరి. సంఖ్య లేని సీఈ ముద్ర ఉన్న కారాబైనర్ (గేటున్న లోహపు కొక్కెం) ఫోటో వస్తే ఆపండి. సంఖ్య ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, నకిలీవాళ్లకీ అంకెలొచ్చు. నిలువునా, అడ్డంగా, గేటు తెరిచినప్పుడు మూడు బలాలు కిలోన్యూటన్లలో చెక్కి ఉన్నాయా చూడండి. వాడిన తాడు, వాడిన హార్నెస్, వాడిన స్లింగ్ అమ్మకం నేనైతే మొత్తంగా నిషేధిస్తా. బ్యాటరీ యాసిడ్ ఆవిరి తగిలిన నైలాన్‌కి పైకి మచ్చ కూడా కనపడకపోవచ్చు.

#15 రిగ్గర్_మావయ్య

రిగ్ ప్రకటనలో కంటైనర్ (సంచి), మెయిన్, రిజర్వ్, ఏఏడీ నాలుగింటికీ విడివిడిగా తయారీ తేదీలు ఉండాలి. ఏఏడీకి ఏ మోడ్‌దో కూడా. కెనోపీ కింద వేగంగా దూసుకెళ్లే అనుభవజ్ఞుల కోసం చేసిన స్పీడ్ మోడల్‌ని తెలియక కొన్న విద్యార్థి సంగతి ఊహించుకోవచ్చు. సీరియల్ నంబరు బహిరంగంగా వద్దు, కొనేవాడికి విడిగా ఇవ్వమనండి. అమ్మకం కొనేవాడి రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసే నిపుణుడు) తనిఖీ మీద ఆధారపడుతుందన్న వాక్యం ప్రకటనలోనే ఉండాలి.

#16 తాడు_మూట (కొత్త మోడరేటర్)

చివరిగా బేస్ జంపింగ్, అంటే కొండలు, టవర్లు, వంతెనల మీంచి పారాచూట్‌తో దూకడం. "ఈ కొండ ఎక్కడ, ఈ టవర్ ఎక్కడ" అని అడుగుతారు. తీసేయాలా?

#17 రిగ్గర్_మావయ్య

చోటుని బట్టి. అమెరికాలో ట్విన్ ఫాల్స్ దగ్గరి పెర్రిన్ వంతెన, 486 అడుగులు, ఏడాది పొడుగునా పర్మిట్ లేకుండా దూకనిస్తారు. దాని గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. అనుమతి లేని చోట్లు బహిరంగంగా పడితే ఆ చోటు కాలిపోయినట్టే, కాపలా పెరుగుతుంది, దానితోపాటు చేతకానివాళ్లూ పెరుగుతారు. పేరు తీసేసినా ఫోటో ఫైల్‌లో అక్షాంశ రేఖాంశాలు మిగలొచ్చు, అటాచ్‌మెంట్‌గా పెట్టిన అసలు ఫైళ్లు ముఖ్యంగా చూడండి. "ఈ ఎత్తుకి ఏ సైజు పైలట్ చూట్ (కెనోపీని లాగి తెరిచే చిన్న చూట్)" అన్న ప్రశ్నకి అంకె ఒక్కటే జవాబుగా వస్తే ఆపండి. ఎన్ని సెకన్లు ఆగి వదులుతాడు, ఏ కెనోపీ, స్లైడర్ (తెరుచుకునే వేగాన్ని తగ్గించే గుడ్డ) పైనా కిందా అన్నవి లేకుండా ఆ అంకెకి విలువ లేదు. ఆ రిగ్‌లో రిజర్వ్ ఉండదు.

#18 బటన్ల_బాబు

షిఫ్ట్ అప్పగించేటప్పుడు లాగ్‌లో ఇవి రాయండి: దారం లింకు, ఏం చేశారు, ఏ నియమం కింద, ఎవర్ని అడిగారు, సభ్యుడికి ఏమని చెప్పారు, మళ్లీ ఎప్పుడు తెరవాలి. సమయం పక్కన టైమ్ జోన్ రాయండి. "రాత్రి 9కి తెరవండి" అని రాసి పడుకుంటే, ఇంకో ఖండంలో ఉన్న మోడరేటర్ తన రాత్రి 9కి తెరుస్తాడు.